పాపన్న చెరువు దగ్గర బాలప్ప బండ

పాపన్న చెరువుకు దారి చూపించే బోర్డు ఎక్కడా లేదు. గార్లదిన్నె దాటాక హైవే వదిలి కంకరరోడ్డు మీద ఏడు కిలోమీటర్లు పోవాలి. రెండు వైపులా వేరుశనగ చేలు, నీళ్ళు లేక నరికేసిన చీనీతోటల మొద్దులు, సర్కారు తుమ్మ. చివర్లో రెండు గుట్టల నడుమ చెరువుకట్ట కనిపిస్తుంది. ఆ కట్ట లోపలి వైపు, నీళ్ళ అంచున, బాలప్ప అనే ఆయన కొట్టం వేసి, కాలిన రాతిబండ మీద మాంసమూ చేపలూ కాల్చి పెట్టేవాడు. అనంతపురం నుంచి జనం కార్లు వేసుకుని వెతుక్కుంటూ వచ్చి తినేవాళ్ళు. నేనూ తిన్నాను. అందరికంటే ఎక్కువసార్లు తిన్నది బహుశా నేనే.

నా పేరు మల్లికార్జున. చెరువుల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌ని. అప్పట్లో ఆ మండలంలో పద్నాలుగు చెరువులు నా కింద ఉండేవి. వారానికోసారి బండి మీద తిరిగి ఏ చెరువులో నీళ్ళు ఎంత మట్టంలో ఉన్నాయో చూసి పై ఆఫీసుకు తెలపడం నా పని. చాలా చెరువులకు ఆ పని పది నిమిషాలు కూడా పట్టేది కాదు. ఎండిన చెరువును చూడ్డానికి ఎంతసేపు కావాలి?

బాలప్పది ఆ చెరువు కింది ఊరే. పంతొమ్మిదేళ్ళ వయసులో తాడిపత్రికి పోయి ఒక బండల ఫ్యాక్టరీలో పాలిష్ పనికి చేరాడు. ఇరవై రెండేళ్ళు అక్కడే. నల్లమ్మను పెళ్ళి చేసుకున్నదీ అక్కడే. ఆమె అదే ఫ్యాక్టరీలో రాతిముక్కలు మోసే కూలీ. పిల్లలు లేరు. సాయంత్రం పని దిగేసరికి ఇద్దరికీ కనుబొమలు, చెవులమీది వెంట్రుకలు తెల్లబడి ఉండేవనీ, ఒకరిని చూసి ఒకరు ముసలివాళ్ళయిపోయామని నవ్వుకునేవాళ్ళమనీ నల్లమ్మ ఒకసారి నాతో చెప్పింది.

నలభై దాటేసరికి బాలప్పకు దగ్గు పట్టుకుంది. ఒక డాక్టరు టీబీ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగాక ఇంకో డాక్టరు రొమ్ముకు తీసిన ఎక్స్‌రే ఫోటో చూసి, ఇది టీబీ కాదు, లోపల పేరుకున్నది రాతిదుమ్ము అన్నాడు. దీనికి మందు లేదు, దుమ్ముకూ పొగకూ దూరంగా ఉండు అన్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు ఇక రావద్దన్నారు. మొగుడూ పెళ్ళాం సామాన్లు లారీలో వేసుకుని ఊరికి తిరిగొచ్చారు. సామాన్లలో నాలుగు నల్ల బండలు ఉన్నాయి.

ఆ బండల సంగతి చెప్పాలి. ఫ్యాక్టరీలో ఆదివారం ప్రార్థన అయ్యాక కూలీలంతా కలిసి, విరిగిపోయిన బండముక్కను మూడు రాళ్ళమీద పెట్టి కింద మంట వేసి, ఉప్పూ కారం పట్టించిన మాంసాన్ని దాని మీద కాల్చుకునేవాళ్ళట. అన్ని రాళ్ళూ అందుకు పనికిరావు. కొన్ని వేడెక్కగానే పటుక్కున పగిలి పెంకు ఎగురుతుంది. ఒకతనికి కన్ను పోయిందని కూడా చెప్పారు. ఏ రాయి నిలుస్తుందో బాలప్ప వేలి గణుపుతో కొట్టి, చెవి ఆనించి చెప్పేవాడు. అలా ఏరి దాచుకున్న నాలుగు బండలవి.

వాళ్ళు తిరిగొచ్చిన ఏడే, పదహారేళ్ళుగా నిండని పాపన్న చెరువు నిండి, మిగులు నీళ్ళు పొర్లిపోయే మరవ పారింది. ఊరంతా మరవ దగ్గరికొచ్చి పొంగిపోయే నీళ్ళను చూస్తూ నిలబడ్డారు. నేను మట్టం చూడ్డానికి వెళ్ళాను. నల్లమ్మ తమ్ముడు యేసన్న థర్మాకోల్ తెప్ప మీద కూర్చుని వల లాగుతున్నాడు. బాలప్ప గట్టు మీద ఒక బండ పెట్టి తుమ్మకట్టె బొగ్గులు రాజేసి, అప్పుడే పట్టిన జిలేబీ చేపలు కాలుస్తున్నాడు.

"రా సార్, ఒకటి తిని పో," అన్నాడు.

చేపను పొట్టవైపు చీల్చి తెరిచాడు. వెల్లుల్లీ ఎండుమిరపకాయలూ కల్లుప్పూ బండ మీద నూరిన ముద్ద తప్ప ఇంకేమీ పూయలేదు. రాయి మీద వేయగానే చర్మం చుర్రుమని అంటుకుని, కాసేపటికి తనంతట తానే వదిలేసింది. "అది వదిలేదాంక మనం ముట్టకూడదు సార్," అన్నాడు. పక్కన రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని తిన్నాను. పద్నాలుగు చెరువులు తిరిగే ఉద్యోగంలో నేను నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని అన్నం తిన్నది అదే మొదటిసారి.

ఆ తర్వాత నేను ఒకరికి చెప్పాను, వాళ్ళు ఇంకొకరికి చెప్పారు. రోడ్డు కంట్రాక్టర్లు వచ్చారు, కాలేజీ పిల్లలు వచ్చి ఫోన్లో వీడియో తీసి పెట్టారు. సంక్రాంతి దాటేసరికి ఆదివారాలు కట్ట కింద ముప్పై కార్లు ఆగేవి. పేరు పెట్టలేదు. జనమే 'బాలప్ప బండ' అన్నారు. యేసన్న చేపలు తెచ్చేవాడు, నల్లమ్మ మాంసం కోసి కారం పట్టించి సంగటి కెలికేది, బాలప్ప కాల్చేవాడు. గుట్టల దగ్గర దొరికిన చదును రాళ్ళను నీటి అంచున పీటల్లా పరిచారు. కొంగలు అవతలి ఒడ్డున దిగుతుంటే చూస్తూ తినేవాళ్ళు.

పొగ అతనికి పడదని నాకు తెలుసు. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "పొగ దగ్గరికి పోవద్దన్నారు కదన్నా?"

"ఇరవై రెండేండ్లు దుమ్ము మింగినా సార్. ఇదేం లెక్క," అని నవ్వాడు. "దీనికి వాసనన్నా ఉండాది."

నవ్వు దగ్గుగా మారి చాలాసేపటికి గానీ ఆగలేదు.

రెండో ఏడు వచ్చేసరికి పది అడుగులు నడిస్తే నిలబడిపోయేవాడు. నల్లమ్మ పట్టకారు అతని చేతిలోంచి లాక్కుని తనే బండ దగ్గర కూర్చుంది. గాలి ఎటునుంచి వస్తే అటువైపు ఒక రాయి మీద అతన్ని కూర్చోబెట్టేది. అక్కడినుంచే చెప్పేవాడు: బొగ్గు ఎక్కువైంది, ఆ మూల ముక్క తిప్పు, ఇప్పుడు తీసెయ్. చూడకుండా, చుర్రుమనే చప్పుడు విని చెప్పేవాడు.

ఆ జనవరిలో ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. అనంతపురం నుంచి ఒక కుటుంబం వచ్చింది. తండ్రి, తల్లి, ఇద్దరు ఆడపిల్లలు, ఒక పెద్దావిడ. వాళ్ళ ముందు ఆకులు వేశారు. గాలి ఒక్కసారిగా తిరిగి పొగంతా బాలప్ప మీదికి పోయింది. అతను తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని వంగిపోయాడు. ఆ దగ్గు వింటే ఎవరికైనా భయమేస్తుంది. లోపల ఎవరో గులకరాళ్ళ సంచి ఊపుతున్నట్టుంటుంది.

తండ్రి లేచి నిలబడ్డాడు. "ఏమమ్మా, ఎవరతను? టీబీ మనిషిని పెట్టుకుని వంట చేస్తున్నారా? పిల్లలు తినేదిక్కడ!"

చుట్టూ తినేవాళ్ళంతా ఆగిపోయారు. ఒకావిడ ఆకు పక్కకు నెట్టింది. నల్లమ్మ పట్టకారు కింద పెట్టింది. తర్వాత గట్టిగా, అందరికీ వినబడేలా అంది.

"ఆయప్ప మావోడు గాదు సార్. గొర్లు కాసేటోడు. నీళ్ళకొచ్చి ఈడ కూచుంటాడు. ఏమప్పా, లెయ్. అట్ల పో. జనం తింటాండారు, కనపడ్లేదా?"

బాలప్ప ఆమెను చూశాడు. లేచాడు. తువ్వాలు భుజాన వేసుకుని కట్ట ఎక్కి అవతలికి దిగిపోయాడు. అతను కట్ట ఎక్కడానికి రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. ఆ సేపంతా ఎవరూ ఏమీ తినలేదు. అతను కనుమరుగయ్యాక ఆ తండ్రి కూర్చున్నాడు. నల్లమ్మ ముక్కలు తిప్పింది. మాడిపోయాయి.

నేను వెనకే వెళ్ళాను. తూము పక్కన కూర్చుని ఉన్నాడు.

"ఆమె అన్నది సరే సార్," అన్నాడు, నేను ఏమీ అడక్కముందే. "నేనైనా అదే చెప్పేటోన్ని."

"అయినా..."

"గొర్లోడు అన్నింది. ఇంకేమన్నా అనుంటే బాగుండదు గానీ, గొర్లోడు మంచోడే గదా."

ఆరోజు నుంచి కంకరరోడ్డు మలుపులో దుమ్ము లేవగానే అతనే లేచిపోయేవాడు. ఎవరూ చెప్పక్కర్లేదు. కార్లన్నీ పోయాక నల్లమ్మ కంచంలో సంగటీ మాంసమూ పెట్టుకుని కట్ట దిగి తూము దగ్గరికి పోయేది. అప్పటికి అవి చల్లారి గట్టిపడి ఉండేవి. ఇద్దరూ పక్కపక్కన కూర్చునేవాళ్ళు. ఆ మాట గురించి వాళ్ళు మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. మాట్లాడుకోలేదనే అనుకుంటున్నాను.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

మూడో ఏడు వాన మొహం చాటేసింది, ఇక చెరువుకు కాలువ నీళ్ళే దిక్కు. జులైలో పై ఆఫీసు నుంచి మాకు కాగితం వచ్చింది. ఈ ఏడు కాలువ నీళ్ళు తాగడానికే సరిపోతాయి, చెరువులకు వదిలేది లేదు అని. పాపన్న చెరువులో అప్పటికే నీళ్ళు సగానికి దిగాయి. వాన లేక, కాలువ లేక, ఎండలకు ఆ సగం ఎన్నాళ్ళుంటుందో నాకు తెలుసు. ఆ వారం వెళ్ళాను. చెబుదామనే వెళ్ళాను. నల్లమ్మ చేప పెట్టింది, తిన్నాను. చెప్పలేదు. తర్వాతి వారమూ అంతే. వాళ్ళ మొహం చూస్తూ చెప్పే ధైర్యం రాలేదు. వాన పడకపోతుందా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మూడో వారం వెళ్ళేసరికి నీటి అంచున ఇసుకా కంకరా పోసి ఉన్నాయి. మొగుడూ పెళ్ళాం, యేసన్న కలిసి సిమెంటు నేల వేస్తున్నారు. ఇరవై మంది కూర్చునేంత నేల. నల్లమ్మ గంప మోస్తోంది. బాలప్ప కూర్చున్నచోటే తాపీతో నునుపు చేస్తున్నాడు. పాత పని, చేతికి అలవాటైన పని. ఇన్నాళ్ళలో అతని మొహం అంత తేటగా నేను చూడలేదు.

"బురద అంటకుండా కూచుంటారు సార్ ఇప్పుడు," అన్నాడు. "నీళ్ళు ఈ అంచు దాంక వస్తే, కాళ్ళు నేరుగా నీళ్ళలోకే."

అప్పుడు చెప్పాను. అప్పటికే ఆలస్యమైంది.

యేసన్న గంప కింద పెట్టేశాడు. నల్లమ్మ నా వైపు చూసి, "ఈ కాగితం ఎప్పుడొచ్చింది సార్?" అంది.

"మూడు వారాలైంది."

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. చీర కొంగుతో చేతుల సిమెంటు తుడుచుకుంది. లోపలికి పోయి, పొద్దున కాల్చిన రెండు చేపలు ఆకులో పెట్టి తెచ్చి నా ముందు ఉంచింది. "తిని పో సార్. కాలిందాన్ని పారేయలేము గదా," అంది. తిన్నాను. ఆ రుచి నాకు గుర్తులేదు.

బాలప్ప తాపీ వదల్లేదు. తడి ఆరని నేలను చివరి అంచు దాకా నునుపు చేసుకుంటూ పోయాడు.

తర్వాత నీళ్ళు వెనక్కి పోతూ వచ్చాయి. నీళ్ళ పక్కన కూర్చుని తినడానికే కదా జనం వచ్చేది. అందుకని నీళ్ళ వెంబడి బాలప్పావాళ్ళూ పోయారు. సిమెంటు నేలను అక్కడే వదిలేసి కొట్టం గుంజలు పీకి యాభై అడుగులు ముందుకు నాటారు. బండలు మోయడానికి ఇద్దరు మనుషులు కావాలి. నల్లమ్మ ఒక వైపు, యేసన్న ఒక వైపు పట్టుకునేవాళ్ళు. బాలప్ప గట్టున కూర్చుని చూసేవాడు. నెల తిరగ్గానే మళ్ళీ పీకడం. అలా నాలుగుసార్లు. ప్రతిసారీ బురద ఎక్కువైంది. కార్లు దిగబడ్డాయి. ఒకసారి ట్రాక్టరు తెచ్చి లాగాల్సి వచ్చింది. ఆ తర్వాత కార్లు తగ్గిపోయాయి.

డిసెంబరుకు నీళ్ళు నూర్పిడి కళ్ళమంత మడుగుగా మిగిలాయి. చేపలన్నీ అందులోనే ఇరుక్కుని నోళ్ళు పైకెత్తి గాలికోసం కొట్టుకున్నాయి. బాలప్ప దాన్ని ఒక్కరోజే చూశాడు, తర్వాత అటు పోలేదు. వారం రోజుల్లో చచ్చి తేలాయి. ఆ కంపు కట్ట అవతలి ఊళ్ళోకి కూడా కొట్టింది. యేసన్న తెప్పను విరిచేసి, బెంగళూరులో కట్టడం పనికి పోయాడు.

మార్చిలో బాలప్ప నాకు ఫోన్ చేశాడు. ఒక్కో మాటకూ ఊపిరి తీసుకుంటున్నాడు. "సార్... ఆదివారం... రా. నేను తినాల."

"ఏమన్నా తేవాలా?"

"నువ్వు... రా. అంతే."

ఊళ్ళో వాళ్ళ ఇంటికి వెళ్ళాను. తెల్లచొక్కా వేసుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా బండి వెనక ఎక్కించుకుంటే సంచి ఎక్కించుకున్నట్టుంది, బరువు లేదు. నల్లమ్మ ముందే వెళ్ళి సిమెంటు నేల పక్కన బండ వేడి చేస్తోంది. నేల చుట్టూ బురద ఎండి పలకలు పలకలుగా పగిలింది. నీళ్ళు ఎక్కడా లేవు.

"మూడేండ్లు కాల్చినాము సార్," అన్నాడు, నేల మీద కూర్చుని, గోడకానినట్టు నా భుజానికి ఆనుకుని. "ఈడ కూచోని... వచ్చినోళ్ళ మాదిరి... ఒక్కపొద్దన్నా తిన్లేదు."

నల్లమ్మ ఆకు వేసింది. ముక్కలు వడ్డించింది. అతను ఒక ముక్క తీసుకుని చాలాసేపు నమిలాడు. రెండోది తీసుకున్నాడు. నల్లమ్మ బండ దగ్గర కూర్చుని చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి ఏడవడం మొదలుపెట్టింది.

"ఆ పొద్దు నిన్ను ఎవరో అన్నాను. జనంలో లేపి తరిమినాను. ఆ నోటితో ఎట్ల అన్నానో..."

"ఊరుకో మే," అన్నాడు బాలప్ప. "మాడుతాంది... చూడు. తిప్పు."

ఆమె తిప్పింది. అప్పుడే కంకరరోడ్డు మలుపులో దుమ్ము లేచింది. బాలప్ప అలవాటుగా నేల మీద చెయ్యి ఆనించి లేవబోయాడు. నల్లమ్మ వచ్చి అతని భుజం పట్టి కూర్చోబెట్టింది.

"యాడికీ పోవద్దు. ఎవరన్నా రానీ."

కారు కట్ట కింద ఆగింది. ముప్పై ఏళ్ళ మొగుడూ పెళ్ళాం, చంకలో పాప. ఎవరో పెట్టిన పాత వీడియో చూసి వచ్చారట. అతను ఫోన్లో చూసి, ఎదురుగా చూసి, మళ్ళీ ఫోన్లో చూశాడు.

"బాలప్ప బండ అంటే ఇదేనా? నీళ్ళేవి?"

నల్లమ్మ ముఖం తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఇదే నాయనా. కూచోండి, వేడిగా ఉండాయి. ఇదో, ఈయనే బాలప్ప. నా మొగుడు. ఆయన నేర్పిన పనే ఇది."

ఆ అబ్బాయి బాలప్పను చూశాడు. అతని ఛాతీలోంచి వచ్చే చప్పుడు మా అందరికీ వినబడుతోంది. ఆ అమ్మాయి పాప మొహాన్ని తన భుజానికి అదుముకుని, మొగుడి చొక్కా లాగింది.

"మళ్ళొస్తాంలేమ్మా," అన్నాడతను.

కారు తిరిగిపోయింది. దాని దుమ్ము మెల్లగా వచ్చి మా మీద, ఆకు మీద దిగింది. బాలప్ప రెండు చేతులూ ఆకు మీద కప్పాడు. కొంతసేపయ్యాక తీసి చూశాడు. మూడో ముక్క తినలేదు.

ఏప్రిల్లో పద్దెనిమిది రోజులు అనంతపురంలో ఆస్పత్రిలో ఉండి చనిపోయాడు. చివరి వారం పడుకుంటే ఊపిరి ఆడక, రాత్రీపగలూ కూర్చునే ఉన్నాడట. వీపుకు వీపు ఆనించి నల్లమ్మ కూర్చుంది. ఊరి శ్మశానంలో గుంత తవ్వడానికి గడ్డపారలు దిగలేదు. నేల అంత బిగుసుకుపోయింది. నలుగురు పొద్దున్నుంచి తవ్వితే మధ్యాహ్నానికి నడుము లోతు వచ్చింది. చర్చి పెద్ద ఒకాయన ప్రార్థన చేశాడు. యేసన్న బెంగళూరు నుంచి చేరేసరికి గుంత పూడ్చడం అయిపోయింది.

ఆ ఏడే నన్ను పెనుకొండ వైపు బదిలీ చేశారు. కిందటి నెల సోమందేపల్లె దగ్గర బస్సు టీకి ఆగితే, డాబా వెనక గిన్నెలు తోముతూ నల్లమ్మ కనిపించింది. నేనే గుర్తుపట్టాను. ఆమె గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది.

"ఇంత దూరం ఎట్లొచ్చినావమ్మా?"

"ఊర్లో పనేముండాది సార్. యేసన్నకు తెలిసినోళ్ళు చెప్తే వచ్చినా. ఈ వెనకాలే పడుకుంటా."

"వంట చేయనిస్తారా?"

"యాడ సార్. వంటకు వేరే మనుషులుండారు. గిన్నెలే నాకు."

మాట్లాడుతూ మాట్లాడుతూ పక్కకు తిరిగి దగ్గింది. చిన్నగానే. కానీ అది ఆగాక ఊపిరి తీసుకునే తీరు నాకు తెలిసిన తీరు. తాడిపత్రిలో ఆమె కూడా ఎన్నేళ్ళు ఆ దుమ్ములో గంపలు మోసిందో లెక్క వేసుకున్నాను.

"ఒక రొమ్ము ఫోటో తీయించుకో నల్లమ్మా. నేను తీసుకుపోతా. ఎప్పుడు రమ్మంటావో చెప్పు."

"తీయించుకొని ఏం చేసేది సార్?" అంది. నిజంగానే అడిగింది, జవాబు ఉంటే చెబుతానేమో అని నా మొహంలోకి చూసింది.

డ్రైవరు హారన్ కొట్టాడు. లోపలి నుంచి ఎవరో గిన్నెల కోసం అరిచారు. నల్లమ్మ తడిచేతులు చీరకు తుడుచుకుంటూ లోపలికి పోయింది.